ఇనోస్ట్రాన్సెవియా బొమ్మ గీయడం ఎలా: ఎముక నుంచి చర్మం దాకా

కోరలున్న ఆదిమ జంతువును గీయమంటే చేయి సాధారణంగా రెండు తప్పు దారుల్లో ఒకదాన్ని పడుతుంది. ఒకటి, పులిని గీసి దానికి బల్లి చర్మం తొడగడం. రెండోది, డైనోసార్‌ను గీసి నోట్లో పెద్ద కోరలు పెట్టడం. ఇనోస్ట్రాన్సెవియా ఈ రెండింటిలో ఏదీ కాదు. సుమారు 25 కోట్ల 20 లక్షల ఏళ్ల క్రితం, పర్మియన్ యుగం చివర్లో బతికిన, గోర్గోనాప్సియన్లు అనే కోరల వేటజంతువుల కుటుంబంలో అతి పెద్ద జంతువుల్లో ఇదొకటి. వంశవృక్షంలో దాని కొమ్మ సరీసృపాల వైపు కాదు, మన వైపు ఉంది. అంటే కుక్కకూ ఏనుగుకూ మనకూ అది దూరపు చుట్టం. అయితే నేరుగా మన పూర్వీకురాలు కాదు. సంతానం మిగల్చకుండా అంతరించిన శాఖ. డైనోసార్లు భూమ్మీద అడుగు పెట్టేసరికి ఇది కనుమరుగై కోటి ఏళ్లకు పైగా గడిచిపోయాయి.

పిల్లల పత్రికలకు శాస్త్ర విషయాల బొమ్మలు వేసే వారికి, పాఠశాల ప్రదర్శనకు చార్టు తయారుచేసే ఉపాధ్యాయులకు, ఊరికే ఆసక్తితో పెన్సిలు పట్టేవారికి పనికొస్తుందని ఇది రాస్తున్నాను. ఇందులో నా పట్టుదల ఒక్కటే. ఎముక చెప్పినంత వరకు ఎముక మాట వినాలి. ఎముక ఏమీ చెప్పని చోట మనం ఏ నిర్ణయం తీసుకున్నామో, ఎందుకు తీసుకున్నామో మనకు తెలిసి ఉండాలి.

1. ముందు చోటు తేల్చుకోండి

కాగితం మీద మొదటి గీత పడకముందే ఏ దేశపు జంతువును గీస్తున్నారో నిర్ణయించుకోవాలి. నేల, చెట్లు, పక్కన తిరిగే జంతువులు అన్నీ దాని మీదే ఆధారపడతాయి.

మొదటి చోటు రష్యా. వ్లదీమిర్ అమలీత్‌స్కీ అనే భూవిజ్ఞాన శాస్త్రవేత్త, ఆయన భార్య ఆనా కలిసి ఉత్తర ద్వినా నది ఒడ్డున కొత్‌లాస్ పట్టణానికి దగ్గర్లో శిలాజాల కోసం వెతికారు. 1899లో అక్కడ పెద్ద ఎత్తున తవ్వకాలు మొదలుపెట్టారు. ఎత్తైన నది గట్టులో ఇసుకరాతి పొరలో గట్టి ముద్దలుగా ఎముకలు దొరికాయి. ఆ ముద్దలను చెక్కి చూస్తే పూర్తి అస్థిపంజరాలే బయటపడ్డాయి. అమలీత్‌స్కీ 1917లో కన్నుమూశారు. ఆయన రాసిన వివరణ 1922లో అచ్చయింది. జంతువుకు పెట్టిన పేరు భూవిజ్ఞాన శాస్త్రవేత్త అలెగ్జాండర్ ఇనోస్ట్రాంత్సెవ్ పేరు మీదుగా వచ్చింది. అందుకే ప్రధాన జాతిని ఇనోస్ట్రాన్సెవియా అలెగ్జాండ్రి అంటారు.

రెండో చోటు దక్షిణాఫ్రికాలోని కరూ ప్రాంతం. అక్కడ 2010, 2011 సంవత్సరాల్లో దొరికిన ఎముకలను పరిశీలించి 2023లో ఇనోస్ట్రాన్సెవియా ఆఫ్రికానా అనే కొత్త జాతిని ప్రకటించారు. రష్యా చోటుకూ దీనికీ మధ్య సుమారు 11,000 కిలోమీటర్ల దూరం. అప్పట్లో ఖండాలన్నీ పాంజియా అనే ఒకే భూభాగంగా కలిసి ఉండేవి కాబట్టి నడిచి వెళ్లడానికి సముద్రం అడ్డం లేదు. ఈ ఆవిష్కరణలో నన్ను బాగా కదిలించిన సంగతి ఇంకొకటి ఉంది. కరూలో అంతకుముందు వేరే పెద్ద గోర్గోనాప్సియన్లు వేటాడేవి. పర్మియన్ యుగం చివర్లో చాలా జీవజాతులు తుడిచిపెట్టుకుపోయిన మహావిలుప్తి మొదలయ్యేసరికి అవి పోయాయి. ఆ ఖాళీలోకి ఇనోస్ట్రాన్సెవియా వచ్చింది. కొద్ది కాలానికే అదీ పోయింది. ఆహార గొలుసు పై మెట్టులో ఇలా ఒకరి తర్వాత ఒకరు కూలిపోవడం మీ బొమ్మకు మంచి కథావస్తువు అవుతుంది.

తెలంగాణ పాఠకులు మూడో చోటు గురించి అడగవచ్చు. ప్రాణహిత-గోదావరి లోయలో, మంచిర్యాల జిల్లా కుందారం దగ్గర పర్మియన్ కాలపు రాళ్లు ఉన్నాయి. అక్కడి జంతు శిలాజాల గురించి భారతీయ గణాంక సంస్థకు చెందిన టి.ఎస్. కుట్టి 1972లో ప్రకటించారు. ఎండోథియోడాన్ వంటి, పక్షి ముక్కులాంటి మూతి ఉన్న శాకాహారులతో పాటు ఒక మధ్యతరహా గోర్గోనాప్సియన్ అవశేషాలు కూడా అక్కడ దొరికాయి. కాబట్టి ఈ కుటుంబపు వేటజంతువు గోదావరి లోయలో తిరిగిన మాట నిజం. కానీ అది ఇనోస్ట్రాన్సెవియా అనడానికి ఆధారం లేదు. కుందారం దృశ్యం గీయదలిస్తే జంతువును చిన్నదిగా గీసి, కింద ‘గోర్గోనాప్సియన్’ అని మాత్రమే రాయండి. మన నేల మీది జంతువు కదా అని పెద్ద పేరు తగిలించడం ఆ రాళ్లలో ఏళ్ల తరబడి పనిచేసినవారికి అన్యాయం చేయడమే.

ఇక ముందుకు వెళ్లేటప్పుడు నేను రష్యా జంతువునే దృష్టిలో పెట్టుకుంటాను. దాని అస్థిపంజరమే ఎక్కువగా దొరికింది.

2. చూసి గీయడానికి సరైనవి సమకూర్చుకోండి

ఇతర చిత్రకారుల బొమ్మలు చూసి గీయకండి. ఇది మొదటి నియమం. ఒకరు పెట్టిన చెవిని ఇంకొకరు, వారు పెట్టిన మీసాన్ని మరొకరు నకలు చేసుకుంటూ పోయి ఈ జంతువు రూపం ఎంతగానో చెడింది. మాస్కోలో ఓర్లోవ్ పేరిట ఉన్న పురాజీవ శాస్త్ర మ్యూజియంలో ఇనోస్ట్రాన్సెవియా అస్థిపంజరాన్ని నిలబెట్టి ఉంచారు. దాని ఫొటోలు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. పక్క నుంచి, ముందు నుంచి, పై నుంచి తీసినవి వేర్వేరుగా దింపుకోండి. మ్యూజియంలో నిలబెట్టిన అస్థిపంజరం కాళ్ల భంగిమ దాన్ని కూర్చినవారి కాలపు అభిప్రాయాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి ఎముకల ఆకారాన్ని తీసుకోండి, భంగిమను తీసుకోకండి.

పుర్రె ఫొటోల్లో ఇంకో చిక్కు ఉంది. కోట్ల ఏళ్లు రాతి బరువు కింద పడి ఉన్న పుర్రెలు ఒక పక్కకు ఒరిగో, నలిగో ఉంటాయి. కుడి సగం, ఎడమ సగం సమానంగా లేకపోతే అది జంతువు లక్షణం కాదు, రాయి చేసిన పని. తక్కువ నలిగిన సగాన్ని ట్రేసింగ్ పేపరు మీదికి ఎక్కించి, కాగితాన్ని తిరగేసి రెండో సగం దిద్దుకోండి.

ఎముకలు చూసి గీసే అలవాటు లేకపోతే ముందు చేయి తిప్పుకోవాలి. హైదరాబాద్‌లో ఉన్నవారు బిర్లా సైన్స్ మ్యూజియానికి వెళ్లండి. అక్కడ ఆదిలాబాద్ ప్రాంతపు యామనపల్లి దగ్గర దొరికిన కోటాసారస్ అస్థిపంజరం ఉంది. అది డైనోసార్, పైగా శాకాహారి. మన జంతువుతో దానికి సంబంధం లేదు. కానీ నిజమైన పెద్ద ఎముక ముందు నిలబడి తొడ ఎముక తుంటిలో ఎలా కూర్చుంటుందో, పక్కటెముక వెన్నుకు ఏ కోణంలో అతుక్కుంటుందో గీసి చూస్తే వచ్చే అవగాహన ఫొటో వల్ల రాదు.

సామగ్రి పెద్దగా అక్కర్లేదు. ఏ3 డ్రాయింగ్ షీటు, హెచ్‌బీ, 2బీ, 4బీ పెన్సిళ్లు, ట్రేసింగ్ పేపరు, స్కేలు, మెత్తటి రబ్బరు చాలు. రంగులు చివర్లో చూద్దాం.

3. తలతో కొలవండి

పెద్ద ఇనోస్ట్రాన్సెవియా పుర్రె అర మీటరు దాటుతుంది. కొన్ని 60 సెంటీమీటర్ల దాకా ఉన్నాయి. ఒళ్లు ముక్కు కొస నుంచి తోక చివరి దాకా 3 మీటర్లకు కాస్త అటూ ఇటూ. అంటే మొత్తం పొడవు సుమారు ఆరు తలలు. పులిలో తల ఇంతకంటే చాలా చిన్న భాగం. కాబట్టి స్కేలు మీద తల పొడవును గుర్తు పెట్టుకుని, ఆరు సమాన భాగాలుగా ఒక సన్నని గీత గీయండి. మొదటి భాగం తల. ఆఖరి భాగాలు తోక. మధ్యలో మెడ, మొండెం, తుంటి.

గీసి చూస్తే తల మరీ పెద్దదిగా అనిపిస్తుంది. తగ్గించాలనిపిస్తుంది. తగ్గించకండి. ఈ జంతువు ఆయుధమంతా తలలోనే ఉంది. ఒళ్లంతా ఆ తలను ఎరదాకా మోసుకెళ్లడానికే అన్నట్టుంటుంది.

4. పుర్రె

ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. పుర్రె కుదిరితే మిగతాది దానంతట అదే కుదురుతుంది.

పక్క నుంచి చూస్తే పుర్రె పొడవుగా ఉంటుంది. కళ్ల ముందున్న మూతి భాగమే సగానికి మించి ఉంటుంది. మూతిని మొసలి మూతిలా చదునుగా గీయకూడదు. అది ఎత్తుగా, పక్కలు నిటారుగా దిగే పెట్టెలాంటి ఆకారం. ఆ ఎత్తుకు కారణం ఉంది. పెద్ద కోరపంటి వేరు పైకి చాలా లోతుగా దిగబడి ఉంటుంది. దాన్ని పట్టుకుని ఉండటానికి దవడ ఎముకకు అంత ఎత్తు కావాలి. అందుకే కోర ఉన్న చోట పై దవడ అంచు కిందికి ఉబ్బి, దాని ముందు కొంచెం పైకి ఎక్కి, మళ్లీ ముందు పళ్ల దగ్గర దిగుతుంది. ఈ వంపు గీయకుండా సరళరేఖ గీస్తే జంతువు ముఖం పోతుంది.

తర్వాత కంటి గుంత. తల పరిమాణంతో పోలిస్తే అది చిన్నదే. కాస్త వెనక్కి, పైకి ఉంటుంది. పెద్ద గుండ్రటి కళ్లు పెడితే పిల్లి పిల్ల ముఖం వస్తుంది.

కంటి వెనక ఉన్నదే ఈ జంతువు వంశాన్ని చెప్పే గుర్తు. మన కణత దగ్గర వేలు పెట్టి పళ్లు గట్టిగా కొరికి చూడండి, కండరం కదులుతుంది. ఆ కండరానికి చోటిచ్చే ఖాళీ ఇనోస్ట్రాన్సెవియా పుర్రెలో కంటి వెనక, రెండు వైపులా ఒక్కొక్క రంధ్రంగా ఉంటుంది. డైనోసార్లు, మొసళ్ల వంశంలో ఇలాంటివి ప్రతి వైపూ రెండేసి ఉంటాయి. మన వంశంలో ఒక్కటే. కుక్క పుర్రెలో ఈ ఖాళీ కంటి గుంతతో కలిసిపోయి ఉంటుంది. ఇనోస్ట్రాన్సెవియాలో కంటి గుంతకూ ఈ రంధ్రానికీ మధ్య గట్టి ఎముక కమ్మీ నిలబడి ఉంటుంది. పుర్రెను పై నుంచి చూస్తే రెండు రంధ్రాల మధ్య నడినెత్తి వెడల్పుగా ఉంటుంది. కుక్కకు ఉన్నట్టు నెత్తి మీద నిలువు ఎముక శిఖరం ఉండదు. వెనక భాగం మూతి కంటే బాగా విశాలం.

నడినెత్తి వెనక భాగంలో ఒక చిన్న గుబ్బ, దాని మధ్యలో చిన్న రంధ్రం ఉంటుంది. వెలుగును పసిగట్టే మూడో కన్నుకు సంబంధించినది. దాని మీద చర్మం ఉండేది కాబట్టి పై నుంచి గీసే బొమ్మలో లేత రంగు చుక్కగా చూపితే చాలు.

కింది దవడ ముందు భాగం నిటారుగా దిగే గట్టి గడ్డం. రెండు సగాలూ అక్కడ బలంగా అతుక్కుని ఉంటాయి. ముందు పళ్ల కింద గీత వెనక్కి జారకుండా దాదాపు నిలువుగా కిందికి దించండి. చాలామంది బొమ్మల్లో పోయేది ఈ గడ్డమే.

5. పళ్లు

పై దవడలో ఒక్కో వైపు ముందు పళ్లు నాలుగు. చాలా గోర్గోనాప్సియన్లకు ఐదు ఉంటాయి కాబట్టి ఈ లెక్క తప్పకూడదు. తర్వాత కోర. కోర వెనక బుగ్గ వైపు పళ్లు బహు కొద్ది, చిన్నవి. నమలడానికి పనికొచ్చే దంతాలు ఇందులో లేవు. ఇది మాంసాన్ని కోసి, చీల్చి, ముక్కలుగా మింగిన జంతువు. ఎముకలు కొరుకుతున్నట్టు గీసిన దృశ్యాలు నాకు నచ్చవు. ఈ పళ్లు దానికి తగ్గవి కావు.

కోర పొడవు వేరుతో కలిపి 12 నుంచి 15 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. అందులో చాలా భాగం ఎముక లోపలే ఉంటుంది. శిలాజాల్లో ఒక్కోసారి పన్ను సాకెట్ నుంచి జారి ఉన్నదానికంటే పొడవుగా కనిపిస్తుంది. ఆ ఫొటో చూసి గీస్తే కోర మోకాళ్ల దాకా వేలాడుతుంది. కోర వంపు వెనక్కి, సున్నితంగా ఉండాలి. అడ్డకోత గుండ్రం కాదు, పక్కలు నొక్కినట్టు చదునుగా ఉంటుంది. కాబట్టి ముందు నుంచి చూసే బొమ్మలో సన్నగా, పక్క నుంచి చూసే బొమ్మలో వెడల్పుగా రావాలి.

కోర అంచున రంపపు పళ్లు ఉంటాయి. గోర్గోనాప్సియన్ పళ్లను పలచగా కోసి సూక్ష్మదర్శిని కింద పరిశీలించినప్పుడు, ఆ రంపపు అంచు నిర్మాణం మాంసాహార డైనోసార్లలో కనిపించేదానికి దగ్గరగా ఉందని 2020లో వెల్లడైంది. సంబంధం లేని రెండు వంశాలు మాంసం కోయడానికి ఒకే ఉపాయాన్ని పట్టుకున్నాయి. అయితే మామూలు బొమ్మ పరిమాణంలో ఆ రంపపు పళ్లు కంటికి ఆనవు. కోర వెనక అంచు మీద మెరుపును అక్కడక్కడా తుంచి వదిలితే సరిపోతుంది.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన వివరం. మన పాలపళ్లు పోయి ఒక్కసారి కొత్తవి వస్తాయి, అంతే. గోర్గోనాప్సియన్లకు కోరలు మళ్లీ మళ్లీ వచ్చేవి. ఒక్కో కోరకు పక్కపక్కనే రెండు గుంతలు ఉండేవి. ఒకదానిలో పాత కోర పనిచేస్తుండగా రెండోదానిలో కొత్తది పెరిగేది. కొత్తది నిలదొక్కుకున్నాక పాతది రాలేది. కాబట్టి ముందు నుంచి గీసేటప్పుడు కుడి కోర పూర్తిగా, ఎడమ కోర సగం పెరిగి ఉన్నట్టు చూపవచ్చు. రెండు కోరలూ అద్దంలో చూసినట్టు సమానంగా ఉన్న ముఖం కంటే ఇది ఎంతో నమ్మదగ్గ ముఖం.

నోరు తెరిచి ఉన్నట్టు గీస్తే చాలా వెడల్పుగా తెరవాలి. కింది కోరలు మూసినప్పుడు పై కోరల ముందు కూర్చుంటాయి. ఎర శరీరం ఆ రెండింటి మధ్య దూరాలంటే దవడ ఎంత దిగాలో ట్రేసింగ్ పేపరు మీద కింది దవడను విడిగా గీసి, దవడ కీలు దగ్గర గుండుసూది గుచ్చి తిప్పి చూడండి. ఎంత తెరిస్తే కోరల కొసలు విడిపోతాయో కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది.

6. ముఖానికి కండ, చర్మం

ఇక్కడి నుంచి మూడు పనులు చేయకూడదు.

చెవి డొప్పలు పెట్టకూడదు. మన మధ్య చెవిలో ఉన్న చిన్న ఎముకల్లో రెండు ఈ జంతువులో ఇంకా దవడ కీలుగానే పనిచేసేవి. అవి దవడ నుంచి విడివడి చెవిలోకి చేరడం క్షీరదాల వంశంలో చాలా తర్వాత జరిగిన మార్పు. వెనక దవడ దగ్గర చర్మంలో చిన్న నొక్కు చూపితే చాలు.

బుగ్గ కండ ఉబ్బించకూడదు. కుక్క, పులి ముఖాల్లో దవడ బయటి వైపు మందపాటి నమిలే కండరం ఉంటుంది. ఇనోస్ట్రాన్సెవియాలో బలమైన కండ అంతా కణత రంధ్రం లోపల ఉండేది. అందువల్ల కంటి వెనక పై భాగం నిండుగా, దవడ పక్కలు కాస్త పలచగా కనిపించాలి. పులి ముఖపు ఛాయ పోవాలంటే ఈ ఒక్క మార్పు చాలు.

పిల్లి మీసాలు పెట్టకూడదు. వాటికి ఆధారం లేదు.

పెదవుల విషయంలో మాత్రం పండితుల్లోనూ చిత్రకారుల్లోనూ చర్చ ఉంది. పై పెదవి కోరను పూర్తిగా కప్పిందా, కొస బయటికి కనిపించేదా అన్నది ఎముకలను బట్టి మాత్రమే తేలదు. నేను కోర మొదలు భాగాన్ని పెదవి కప్పినట్టు, కొస మాత్రం కనిపించేట్టు గీస్తాను. పూర్తిగా కప్పి గీసినా తప్పు పట్టలేం. చిగుళ్లు, పళ్లు అన్నీ ఎప్పుడూ బయటే ఉన్నట్టు మొసలిలా గీయడం మాత్రం నాకు ఒప్పుదల కాదు.

7. ఒళ్లు, కాళ్లు

ఇనోస్ట్రాన్సెవియాను దగ్గరి బంధువుల నుంచి విడదీసే ఎముక భుజం దగ్గర ఉంది. దాని రెక్క ఎముక పెద్ద పలకలా వెడల్పుగా ఉంటుంది. మరే గోర్గోనాప్సియన్‌లోనూ ఇలా కనిపించదు. అంత వెడల్పు పలక మీద అంతకు తగ్గ కండరాలు అతుక్కుని ఉంటాయి కాబట్టి ముందు భుజం భారీగా రావాలి. తలను, ఆ తల పట్టుకున్న ఎరను మోయాల్సింది ఆ భుజాలే.

కాళ్లను బల్లి కాళ్లలా పూర్తిగా పక్కలకు చాపవద్దు. గుర్రం కాళ్లలా నిటారుగా ఒంటి కిందికీ తేవద్దు. ముందు కాళ్లలో మోచేయి కాస్త బయటికి, వెనక్కి వంగి ఉంటుంది. వెనక కాళ్లు ముందువాటి కంటే ఒంటి కిందికి బాగా చేరేవి. కాబట్టి ముందు నుంచి చూస్తే రొమ్ము దగ్గర విశాలంగా, వెనక నుంచి చూస్తే కాస్త ఇరుకుగా ఉండాలి. ప్రతి పాదానికీ ఐదు వేళ్లు, అన్నిటికీ గోళ్లు. పిల్లి గోళ్లలా లోపలికి ముడుచుకునేవి కావు. పాదం నేల మీద పరుచుకున్నట్టు గీయండి.

పక్కటెముకలు తుంటి దాకా సాగుతాయి. కుక్కలా నడుము సన్నబడదు. ఈ ఒక్క విషయం గుర్తుంటే వేటకుక్క ఆకారం రాకుండా తప్పించుకోవచ్చు. తోక మొదట్లో కండ పట్టి, పోనుపోను సన్నబడాలి. మొసలి తోకంత బరువైనది కాదు.

8. చర్మం, రంగు

వెంట్రుకలు ఉండేవా? ఉండేవని గట్టిగా చెప్పలేం, ఉండేవి కావని కూడా చెప్పలేం. రష్యాలోనే దొరికిన పర్మియన్ కాలపు మాంసాహారి పేడ శిలాజాల్లో వెంట్రుకల్లాంటి నిర్మాణాలు ఉన్నాయని 2016లో ఒక పరిశోధన తెలిపింది. అవి ఏ జంతువువో తేలలేదు. మరోవైపు ఈస్టెమ్మెనోసుకస్ అనే, ఇంకా పాత కాలపు దూరపు బంధువు చర్మపు ముద్రలో పొలుసులు గానీ వెంట్రుకలు గానీ లేవు, నునుపుగా గ్రంథులతో ఉంది. ఈ రెండింటినీ కలిపి చూస్తే బల్లి పొలుసులు మాత్రం వద్దన్నది స్పష్టం. మందమైన, ముడతలు పడే చర్మం గీసి, కావాలంటే అక్కడక్కడా పలుచని వెంట్రుకలు చూపండి. సింహం జూలు జోలికి వెళ్లకండి.

రంగు పూర్తిగా మీదే. మాటువేసి వేటాడే జంతువు పరిసరాల్లో కలిసిపోవాలన్న తర్కంతో నేను ఎర్రమట్టి, గోధుమ, బూడిద రంగులను కలుపుతాను. ద్వినా ప్రాంతపు రాళ్లలో ఎర్రని బంకమట్టి పొరలు ఎక్కువ కాబట్టి నేలకు వేసిన రంగునే పలచన చేసి ఒంటికి మొదటి పూతగా వేస్తే జంతువు, నేల ఒకదానికొకటి పొసుగుతాయి. వీపు ముదురుగా, పొట్ట లేతగా ఉంచండి.

9. చుట్టూ ఉన్న ప్రపంచం

గడ్డి గీయకూడదు. భూమ్మీద గడ్డి అప్పటికి లేదు. పువ్వులు లేవు. ఆకాశంలో పక్షి లేదు. ఈ మూడూ మన చేతికి అలవాటు కాబట్టి తెలియకుండానే పడిపోతాయి. గీయడం పూర్తయ్యాక ఒకసారి వీటి కోసమే బొమ్మంతా వెతకండి.

ద్వినా దృశ్యంలో నది మైదానం ఉండాలి. ఒకప్పుడు నీటితో నిండి, ఇంకొకప్పుడు ఎండి పగుళ్లిచ్చే నేల. నీటి అంచున గుర్రపుతోక మొక్కలు, ఫెర్న్‌లు, వెనక శృంగాకార వృక్షాలు. అక్కడ బాగా పెరిగిన మొక్కల్లో టటారినా అనేది ఒకటి, గింజలు కాసే పాత కాలపు వంశానిది. జంతువుల్లో ప్రధానమైనది స్కూటోసారస్. ఒళ్లంతా ఎముక బొడిపెలతో, బుగ్గల నుంచి దిగే ఎముక కొమ్ములతో, రెండున్నర మీటర్లు మించి పెరిగే శాకాహార సరీసృపం. ఇనోస్ట్రాన్సెవియా వేటాడిన పెద్ద ఎర అదేనని భావిస్తారు. నీటిలో ద్వినోసారస్ అనే ఉభయచరం. ఒక మూల రాళ్ల మధ్య ద్వీనియాను పెట్టండి. అది చిన్న జంతువు, కానీ క్షీరదాలకు దారితీసిన వంశానికి చెందిన సైనోడాంట్. మహావిలుప్తిని దాటి మన దాకా వచ్చింది ఆ చిన్నవాటి వంశమే, పెద్ద కోరలది కాదు.

దక్షిణాఫ్రికా దృశ్యమైతే చెట్లు మారతాయి. అక్కడ గ్లోసాప్టెరిస్ రాజ్యం. నాలుక ఆకారపు ఆకులు, మధ్య నరం, దానికి అటూ ఇటూ వల అల్లినట్టు సన్నని ఈనెలు. ఈ ఆకును గీయడానికి దూరం వెళ్లనక్కర్లేదు. సింగరేణి బొగ్గు ఏర్పడింది ఆ చెట్ల అడవుల నుంచే. బొగ్గు పొరల పక్కనుండే రాళ్లలో ఆ ఆకుల ముద్రలు కనిపిస్తాయి. కుందారం దృశ్యం గీసేవారికీ ఇదే ఆకు పనికొస్తుంది. ఎండోథియోడాన్‌కు ముక్కుతో పాటు నోట్లో పళ్ల వరుసలు కూడా ఉండేవని మరచిపోకండి.

వేట దృశ్యం గీయాలనుకుంటే ఎర మెడ దగ్గర, లేదా పొట్ట పక్కన కరిచినట్టు చూపండి. స్కూటోసారస్ వీపు మీది ఎముక కవచం మీద కోరలు దిగినట్టు గీస్తే ఏ జంతువు కోరైనా విరుగుతుంది. నా వరకు వేట కంటే నీళ్లు తాగడానికి వంగిన ఇనోస్ట్రాన్సెవియా గీయడం ఇష్టం. తల ఎంత బరువో, భుజం ఎంత పని చేస్తుందో ఆ భంగిమలో బాగా తెలుస్తుంది.

10. కింద రాయాల్సింది

బొమ్మ పూర్తయ్యాక జాతి పేరు, కాలం, చోటు రాయండి. ఉదాహరణకు: ‘ఇనోస్ట్రాన్సెవియా అలెగ్జాండ్రి, పర్మియన్ యుగం చివరి భాగం, ఉత్తర ద్వినా తీరం, రష్యా’. పక్కన ఒక మనిషి నీడబొమ్మ అదే కొలతలో పెట్టి, ఎత్తు సెంటీమీటర్లలో రాయండి. తర్వాత రెండు చిన్న వరుసలు చేర్చండి. మొదటి వరుసలో ఎముకల ఆధారంగా గీసినవి: పుర్రె, పళ్లు, భుజం, కాళ్ల అమరిక. రెండో వరుసలో మీ నిర్ణయాలు: రంగు, పెదవి, వెంట్రుకలు. పిల్లలు చూసే చార్టు అయితే ‘డైనోసార్ కాదు’ అన్న మాట పెద్ద అక్షరాల్లో ఉండాలి. చదివే పిల్లల్లో ఎవరో ఒకరు మరి ఇదేమిటని అడుగుతారు. అప్పుడు బొమ్మలోని కణత దగ్గర వేలు పెట్టి చూపి, వాళ్ల కణత మీద కూడా వేలు పెట్టుకుని పళ్లు కొరకమనండి.